మొన్న చూసిన కాన్సర్ట్ గురించి జర్మన్‌లో చెప్పడం ఎలా

సోమవారం పొద్దున ఎవరో ఒకరు అడుగుతారు, "నా, వీ వార్స్?" అని. ఎలా ఉంది, ఎలా గడిచింది అని దానర్థం. మీరు శనివారం రాత్రంతా గొంతు పోయేలా పాడి వచ్చారు, చెప్పడానికి బోలెడంత ఉంది, నోట్లోంచి మాత్రం "గూట్" అనే ఒక్క ముక్క వచ్చి ఆగిపోతుంది. బాగుంది, అంతే. నాకు ఇలా చాలాసార్లు జరిగింది. భూతకాలం పట్టికలన్నీ బట్టీ పట్టిన తర్వాత కూడా జరిగింది. అప్పుడు అర్థమైంది, నాకు కావలసింది పట్టిక కాదని, ఒక్క సాయంత్రం గురించి మొదట్నించి చివరిదాకా చెప్పగలగడమని.

కాబట్టి ఇక్కడ వ్యాకరణం మొత్తం చెప్పను. ఒక్క కాన్సర్ట్ గురించి రెండు నిమిషాలు మాట్లాడటానికి ఏం కావాలో అదే చెప్తాను. తెలుగు మాట్లాడేవాళ్ళకి ఇందులో కొన్ని చోట్ల మంచి సౌకర్యం ఉంది, అవి వచ్చినప్పుడు చూపిస్తాను.

ఉచ్చారణ గురించి ఒక మాట. జర్మన్ మాటల్ని తెలుగు లిపిలో రాస్తున్నాను కాబట్టి కొన్ని శబ్దాలు దగ్గరదగ్గరగానే వస్తాయి. "ఇహ్" అంటే నేను, ఆ చివరి శబ్దం హకీ షకీ మధ్యలో ఉంటుంది. "బ్యూనె" లాంటి మాటల్లో పెదాలు "ఊ" అన్నట్టు గుండ్రంగా పెట్టి నోటి లోపల "ఈ" అనాలి. ప్రతి మాటనీ ఒకసారి ఆడియో ఉన్న నిఘంటువులో వినండి, స్పెల్లింగ్ కూడా అక్కడే చూసి రాసుకోండి.

అడుగు 1: ఒక్క ఈవెంట్ ఎంచుకోండి

నిజంగా మీరు వెళ్ళినది. కాన్సర్ట్, నాటకం, స్టాండప్ షో, ఏదైనా పర్వాలేదు, కానీ ఒక్కటే. పాత టికెట్టో ఫోన్లో ఫొటోలో ఉంటే ముందు పెట్టుకోండి. దాని గురించి తెలుగులో పది చిన్న వాక్యాలు రాయండి. చిన్నవి అంటే నిజంగా చిన్నవి: "హాలు నిండిపోయింది." "గంటసేపు లైన్లో నిలబడ్డాం." "నాకు చలేసింది." ఇవే మీ కథ. మిగతా అడుగులన్నీ ఈ పది వాక్యాల మీదే పని చేస్తాయి, అందుకని ఇది దాటేయొద్దు.

అడుగు 2: "వార్", "హటె", "ఎస్ గాప్" తో సగం పని అయిపోతుంది

జర్మన్‌లో భూతకాలం రెండు రకాలుగా చెప్తారు. మాట్లాడేటప్పుడు ఎక్కువగా పెర్‌ఫెక్ట్, పుస్తకాల్లో వార్తల్లో ఎక్కువగా ప్రెటేరిటుమ్. కానీ కొన్ని క్రియలకి మాట్లాడేటప్పుడు కూడా ప్రెటేరిటుమే వాడతారు, అదృష్టం కొద్దీ అవి చాలా తేలిక. "వార్" అంటే ఉంది, ఉన్నాను, ఉండేది. "హటె" అంటే నా దగ్గర ఉండేది, నాకు దొరికింది. "ఎస్ గాప్" అంటే అక్కడ ఫలానాది ఉండింది.

"డీ హలె వార్ ఫొల్." హాలు నిండిపోయింది. "డస్ కొన్‌త్సెర్ట్ వార్ ఔస్‌ఫెర్‌కౌఫ్ట్." టికెట్లన్నీ అమ్ముడైపోయాయి. "డీ ష్టిముంగ్ వార్ జూపర్." ఈ ష్టిముంగ్ అనే మాట తప్పకుండా నేర్చుకోండి, అక్కడి వాతావరణం, జనంలో ఊపు, అన్నీ కలిపి ఒకే మాట. కాన్సర్ట్ గురించి ఏ ఇద్దరు జర్మన్లు మాట్లాడుకున్నా ఇది రాకుండా ఉండదు. "ఇహ్ హటె ఐనెన్ గూటెన్ ప్లత్స్." నాకు మంచి చోటు దొరికింది. "ఎస్ గాప్ కైనె పౌజె." మధ్యలో విరామం ఇవ్వలేదు.

వీటితో పాటు "కొన్‌టె" (చేయగలిగాను), "ముస్‌టె" (చేయాల్సి వచ్చింది) కూడా చేర్చుకోండి. "వీర్ ముస్‌టెన్ లంగె వార్టెన్." చాలాసేపు ఆగాల్సి వచ్చింది. "ఇహ్ కొన్‌టె నిహ్ట్స్ జేయెన్." నాకేమీ కనిపించలేదు. ముందు పొడుగాటాయన నిలబడ్డ ప్రతిసారీ పనికొచ్చే వాక్యం.

మీ పది వాక్యాల్లో నాలుగైదు ఇక్కడే అయిపోతాయి చూడండి.

అడుగు 3: మిగతావాటికి పెర్‌ఫెక్ట్

ఇక్కడ కాస్త ఓపిగ్గా ఉండండి, అసలు విషయం ఇదే. పెర్‌ఫెక్ట్‌లో క్రియ రెండు ముక్కలవుతుంది. చిన్న ముక్క ("హాబెన్" అంటే కలిగి ఉండటం, దాని రూపాలు హాబె, హట్, హాబెన్; లేదా "జైన్" అంటే ఉండటం, దాని రూపాలు బిన్, ఇస్ట్, జింట్) వాక్యంలో రెండో స్థానంలో, అసలు ముక్క చిట్టచివర.

"డీ బ్యాండ్ హట్ త్స్వై ష్టుండెన్ గెష్పీల్ట్." బ్యాండ్ రెండు గంటలు వాయించింది. గమనించారా, "వాయించింది" మనకి ఎక్కడుందో "గెష్పీల్ట్" కూడా అక్కడే ఉంది. వాక్యం చివరిదాకా క్రియ కోసం ఎదురుచూడటం మనకి కొత్త కాదు. కాబట్టి తెలుగు వాక్యం రాసి, కర్త తర్వాత "హట్" పెట్టి, మిగతాదంతా మన వరసలోనే చెప్పి చూడండి. చాలా సందర్భాల్లో సరిపోతుంది.

ఆ చివరి ముక్క తయారయ్యే పద్ధతి ఇది. మామూలు క్రియలకి ముందు "గె", చివర "ట్": గెష్పీల్ట్ (వాయించారు), గెటన్‌త్స్ట్ (డాన్స్ చేశారు), గెలఖ్ట్ (నవ్వారు). కొన్ని క్రియలు చివర "ఎన్" తీసుకుంటాయి, లోపలి అచ్చు కూడా కొన్నిసార్లు మారుతుంది: గెజుంగెన్ (పాడారు), గెజేయెన్ (చూశారు), గెట్రొఫెన్ (కలిశారు). వీటికి నియమం వెతక్కండి, నోటికి పట్టించుకోండి. "ఈరెన్" తో ముగిసే క్రియలకి "గె" ఉండదు: అప్లౌడీర్ట్ (చప్పట్లు కొట్టారు), ఫోటోగ్రఫీర్ట్.

విడిపోయే క్రియలుంటాయి, అవి కాన్సర్ట్ కబుర్లలో తెగ వస్తాయి. వాటిలో "గె" మధ్యలో దూరుతుంది: మిట్‌గెజుంగెన్ (కలిసి పాడారు), అన్‌గెఫంగెన్ (మొదలైంది), ష్టట్‌గెఫుండెన్ (జరిగింది). "బె", "ఫెర్", "గె" తో మొదలయ్యే వాటికి మాత్రం ఇంకో "గె" తగిలించకూడదు: బెకొమ్మెన్ (దొరికింది), ఫెర్‌పస్ట్ (మిస్సయ్యాం), గెఫలెన్ (నచ్చింది).

నా సలహా, మొదటి వారంలో ఇరవై కంటే ఎక్కువ నేర్చుకోవద్దు. ఆ ఇరవై కూడా మీ కథలో ఉన్నవే కావాలి. మీ కాన్సర్ట్‌లో ఎవరూ డాన్స్ చేయకపోతే గెటన్‌త్స్ట్ తర్వాత చూసుకోవచ్చు.

అడుగు 4: హాబెనా, జైనా?

చాలా క్రియలకి హాబెన్. ఒక చోటి నుంచి ఇంకో చోటికి కదిలితే, లేదా స్థితి మారితే జైన్. "ఇహ్ బిన్ గెగంగెన్" (వెళ్ళాను), "ఎర్ ఇస్ట్ గెకొమ్మెన్" (వచ్చాడు), "ఇహ్ బిన్ ఐన్‌గెష్లాఫెన్" (నిద్రపోయాను, అంటే మెలకువలోంచి నిద్రలోకి మారాను). స్టేజి ఎక్కి ప్రదర్శన ఇవ్వడానికి వాడే ఔఫ్‌ట్రేటెన్ కూడా జైన్ గుంపే: "ఇస్ట్ ఔఫ్‌గెట్రేటెన్". ప్రోగ్రాం రద్దయితే "ఇస్ట్ ఔస్‌గెఫలెన్". "బ్లైబెన్" అంటే ఉండిపోవడం, అందులో కదలికే లేదు, అయినా జైనే తీసుకుంటుంది, దాన్ని అలాగే గుర్తుపెట్టుకోండి.

డాన్స్ దగ్గర చాలామంది తడబడతారు. ఒళ్ళంతా కదులుతోంది కదా అని "బిన్ గెటన్‌త్స్ట్" అంటారు. చోటు మారలేదు కాబట్టి "ఇహ్ హాబె గెటన్‌త్స్ట్" అనాలి.

ఇంకొకటి. లైన్లో నిలబడటాన్ని జర్మన్లు "పాములో నిలబడటం" అంటారు, ష్లంగె అంటే పాము. "వీర్ హాబెన్ ఐనె ష్టుండె ఇన్ డేర్ ష్లంగె గెష్టండెన్." ఇది ఉత్తరాది పద్ధతి. దక్షిణ జర్మనీలో, ఆస్ట్రియాలో ఇదే వాక్యాన్ని "వీర్ జింట్ ... గెష్టండెన్" అంటారు. మీ టీచర్ ఒకటి చెప్పి, మ్యూనిక్ స్నేహితుడు ఇంకొకటి అంటే కంగారు పడకండి, ఇద్దరూ సరిగ్గానే మాట్లాడుతున్నారు.

అడుగు 5: "కి" దగ్గర జాగ్రత్త

సినిమాకి వెళ్ళాను, సినిమాలో ఉన్నాను. మనం "కి", "లో" మార్చినట్టే జర్మన్లు కూడా మారుస్తారు. వెళ్ళడానికి "ఇన్స్ కీనో", అక్కడ ఉండటానికి "ఇమ్ కీనో". "ఇన్స్ టెయాటర్", "ఇమ్ టెయాటర్". "ఇన్ డీ ఓపెర్", "ఇన్ డేర్ ఓపెర్". కాన్సర్ట్‌కి "ఔఫ్ ఐన్ కొన్‌త్సెర్ట్" వెళ్తారు, "ఔఫ్ ఐనెమ్ కొన్‌త్సెర్ట్" ఉంటారు. సంగీత ఉత్సవమైతే "ఔఫ్ ఐన్ ఫెస్టివల్", "ఔఫ్ ఐనెమ్ ఫెస్టివల్".

మన తెలుగు తలలో ఒక ఉచ్చు ఉంది ఇక్కడ. "నాకు" అన్నా "సినిమాకి" అన్నా మనకి ఒకటే విభక్తి. జర్మన్‌లో "నాకు" డాటిఫ్ అనే విభక్తి, "సినిమాకి వెళ్ళడం" అకుజాటిఫ్ అనే వేరే విభక్తి. అందుకే మనవాళ్ళు వెళ్ళడానికి కూడా డాటిఫ్ పెట్టి "ఇహ్ బిన్ ఇమ్ కీనో గెగంగెన్" అనేస్తుంటారు. కదలిక ఉంటే ఇన్స్, కుదురుగా ఉంటే ఇమ్. ఈ ఒక్కటీ పట్టుకుంటే చాలు.

అడుగు 6: "నాకు" వాక్యాలు

నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం ఇది, ఎందుకంటే తెలుగు వచ్చినవాళ్ళకి దీన్ని ఎవరూ నేర్పక్కర్లేదు. ఇంగ్లీష్‌లో నచ్చడం "నేను" చేసే పని. తెలుగులో "నాకు" జరిగే విషయం. జర్మన్ ఇక్కడ మన వైపే.

"డస్ కొన్‌త్సెర్ట్ హట్ మీర్ గెఫలెన్." కాన్సర్ట్ నాకు నచ్చింది. "మీర్" అంటే "నాకు", మాటకి మాట సరిపోయింది. పాటలు ఎక్కువైతే మనం "నచ్చాయి" అని మారుస్తాం కదా, వాళ్ళూ అంతే: "డీ లీడెర్ హాబెన్ మీర్ గెఫలెన్." హట్ కాస్తా హాబెన్ అయింది, ఎందుకంటే పాటలు చాలా ఉన్నాయి, నేను ఒక్కణ్ణే అయినా సరే.

"మీర్ వార్ కల్ట్." నాకు చలేసింది. "మీర్ హాబెన్ డీ ఫ్యూసె వేగెటాన్." నాకు కాళ్ళు నొప్పెట్టాయి. "మీర్ వార్ లంగ్‌వైలిహ్." నాకు బోర్ కొట్టింది. ఈ చివరిది ఇంగ్లీష్ అలవాటులో "ఇహ్ వార్ లంగ్‌వైలిహ్" అంటే అర్థం పూర్తిగా మారిపోతుంది, నేనే బోర్ కొట్టే మనిషిని అయ్యానని. కాబట్టి ఇలాంటి చోట ఇంగ్లీష్ మీదుగా వెళ్ళకండి, తెలుగులోంచి నేరుగా జర్మన్‌లోకి దిగండి.

ఇంకో నాలుగు మాటలు చేర్చుకుంటే మీ అభిప్రాయం చక్కగా చెప్పగలుగుతారు. "ఎస్ హట్ ష్పాస్ గెమఖ్ట్", సరదాగా గడిచింది. "ఎస్ హట్ జిహ్ గెలోన్ట్", వెళ్ళినందుకు పైసా వసూల్. "ఇహ్ హటె గెన్‌జెహౌట్", ఒళ్ళు గగుర్పొడిచింది, వాళ్ళ మాటకి అర్థం బాతు చర్మం. ఇంటికొచ్చాక కూడా ఒక పాట బుర్రలో తిరుగుతూనే ఉంటే "ఇహ్ హటె ఐనెన్ ఓర్‌వుర్మ్", అంటే చెవిలో పురుగు దూరింది. ఇవి వాడినప్పుడు ఎదుటివాళ్ళ ముఖంలో వచ్చే నవ్వు చూడండి, అక్కణ్ణించి సంభాషణ దానంతటదే సాగుతుంది.

అడుగు 7: ఎప్పుడు?

"గెస్టెర్న్ ఆబెంట్" నిన్న సాయంత్రం. "లెత్స్‌టెన్ జమ్స్‌టాక్" పోయిన శనివారం. "అమ్ వొఖెన్‌ఎండె" వారాంతంలో. "ఫోర్ త్స్వై వొఖెన్" రెండు వారాల క్రితం. మన "క్రితం" వెనకొస్తుంది, వాళ్ళ "ఫోర్" ముందొస్తుంది. సమయంతో వాక్యం మొదలుపెడితే క్రియ రెండో స్థానంలోనే ఉండి కర్త దాని వెనక్కి వెళ్తుంది: "అమ్ జమ్స్‌టాక్ బిన్ ఇహ్ ఔఫ్ ఐన్ కొన్‌త్సెర్ట్ గెగంగెన్."

సంవత్సరం చెప్పేటప్పుడు ముందు "ఇన్" పెట్టకండి. ఊరికే సంవత్సరం చెప్పాలి, లేదా "ఇమ్ యార్" అని చేర్చాలి. "1988 ఇస్ట్ బ్రూస్ స్ప్రింగ్‌స్టీన్ ఇన్ ఒస్ట్-బెర్లీన్ ఔఫ్‌గెట్రేటెన్." బెర్లిన్ గోడ కూలడానికి ఏడాది ముందు తూర్పు బెర్లిన్‌లో ఈ అమెరికన్ రాక్ గాయకుడు పాడారు, జర్మన్లు ఇప్పటికీ మాట్లాడుకునే కాన్సర్ట్ అది. నూర్‌బుర్గ్‌రింగ్ రేస్ ట్రాక్ దగ్గర జరిగే రాక్ అమ్ రింగ్ సంగీత ఉత్సవం 1985లో మొదలైంది. ఆ 85ని "ఫ్యున్ఫ్‌ఉంట్‌అఖ్ట్‌సిహ్" అంటారు, అంటే ఐదూ ఎనభై అని తిరగేసి. పాత ఈవెంట్ల సంవత్సరాలు పైకి చదువుతూ ఉంటే ఈ తిరగేయడం అలవాటైపోతుంది.

గంటల దగ్గర నేను బాగా దెబ్బతిన్నాను. స్నేహితురాలు "హల్ప్ అఖ్ట్‌కి మొదలు" అంది. హల్ప్ అంటే సగం, అఖ్ట్ అంటే ఎనిమిది, ఇంకేముంది ఎనిమిదిన్నర అనుకుని తీరిగ్గా వెళ్ళాను. హల్ప్ అఖ్ట్ అంటే ఏడున్నర! ఎనిమిదో గంటలో సగం అయిందని వాళ్ళ లెక్క. ముందు వాయించే బ్యాండ్, అదే ఫోర్‌బ్యాండ్, అప్పటికే సామాను సర్దుకుంటోంది, నేను వెళ్ళింది ముఖ్యంగా వాళ్ళ కోసమే. ఆ రోజు నేర్చుకున్న వాక్యం ఇది: "ఇహ్ హాబె డీ ఫోర్‌బ్యాండ్ ఫెర్‌పస్ట్." టికెట్ మీద "ఐన్‌లస్" అని ఉంటే లోపలికి వదిలే సమయం, "బెగిన్" అని ఉంటే మొదలయ్యే సమయం, అది కూడా చూసుకోండి.

అడుగు 8: వాక్యాల్ని కలపండి

"వచ్చినప్పుడు", "వచ్చినప్పుడల్లా" తేడా మీకు తెలుసు. అదే "అల్స్", "వెన్" తేడా. ఒక్కసారి జరిగినదానికి అల్స్: "అల్స్ డీ బ్యాండ్ ఔఫ్ డీ బ్యూనె కామ్, హాబెన్ అలె గెష్రీన్." బ్యాండ్ స్టేజి మీదికి వచ్చినప్పుడు అందరూ అరిచారు. ("కామ్" అన్నా వచ్చింది అనే అర్థం, "గెకొమ్మెన్" క్రియకే ప్రెటేరిటుమ్ రూపం.) మళ్ళీ మళ్ళీ జరిగినదానికి వెన్: "ఇమ్మెర్ వెన్ డేర్ రెఫ్రెన్ కామ్, హాబెన్ అలె మిట్‌గెజుంగెన్." పల్లవి వచ్చినప్పుడల్లా అందరూ గొంతు కలిపారు. జర్మన్ క్లాసుల్లో దీనికి గంటలు గంటలు పడుతుంది, మీరు తెలుగులో అనుకుని "అల్లా" వినిపిస్తే వెన్ పెట్టేయండి.

కారణానికి "వైల్". దాని తర్వాత క్రియ చివరికి పోతుంది: "వైల్ డేర్ టోన్ జో ష్లెహ్ట్ వార్", సౌండ్ అంత అధ్వాన్నంగా ఉంది కాబట్టి. వరసగా చెప్పడానికి "త్సుఎర్స్ట్" (ముందు), "డన్" (తర్వాత), "అమ్ ఎండె" (చివర్లో) చాలు.

అడుగు 9: మొత్తం ఒకసారి

"లెత్స్‌టెన్ జమ్స్‌టాక్ బిన్ ఇహ్ ఔఫ్ ఐన్ కొన్‌త్సెర్ట్ గెగంగెన్. ఎస్ వార్ ఔస్‌ఫెర్‌కౌఫ్ట్. వీర్ హాబెన్ ఐనె ష్టుండె ఇన్ డేర్ ష్లంగె గెష్టండెన్, మీర్ వార్ కల్ట్. ఉమ్ హల్ప్ అఖ్ట్ హట్ డీ ఫోర్‌బ్యాండ్ అన్‌గెఫంగెన్. అల్స్ డీ బ్యాండ్ ఔఫ్ డీ బ్యూనె కామ్, హాబెన్ అలె గెష్రీన్. డీ ష్టిముంగ్ వార్ జూపర్, ఇహ్ హటె గెన్‌జెహౌట్. ఎస్ గాప్ త్స్వై త్సూగాబెన్. అమ్ ఎండె హాబెన్ మీర్ డీ ఫ్యూసె వేగెటాన్, ఆబెర్ ఎస్ హట్ జిహ్ గెలోన్ట్."

త్సూగాబె అంటే ప్రోగ్రాం అయిపోయాక జనం అడిగితే పాడే అదనపు పాట, హాలంతా "త్సూగాబె! త్సూగాబె!" అని అరుస్తారు.

దీన్ని బట్టీ పట్టకండి. మీ పది వాక్యాలు ఇందులో పెట్టి మీదిగా మార్చుకోండి. ఫోన్లో రికార్డ్ చేసి వినండి, ఆగిన చోట ఏ మాట కోసం ఆగారో రాసుకోండి, మర్నాడు మళ్ళీ అదే కథ చెప్పండి. వారం రోజులు ఒకే కథ చెప్పడం విసుగనిపిస్తుంది, కానీ రోజుకో కొత్త కథ చెప్తే ఏదీ నోటికి రాదు, నా అనుభవం అది. రెండో వారం ఇంకో ఈవెంట్. ఈమధ్య ఎక్కడికీ వెళ్ళకపోతే వార్తల్లోది తీసుకోండి. 2023లో వాకెన్ అనే మెటల్ సంగీత ఉత్సవం వానకి బురదమయమై ప్రవేశం ఆపేశారు, టికెట్ ఉన్నవాళ్ళు కూడా చాలామంది బయటే ఉండిపోయారు: "ఎస్ హట్ ఫీల్ గెరేగ్నెట్. ఫీలె ఫ్యాన్స్ కొన్‌టెన్ నిహ్ట్ రైన్."

ఆ వార్తలు చదివేటప్పుడు "ష్పీల్‌టె", "జంగ్", "బెగన్", "ట్రాట్ ఔఫ్" లాంటి రూపాలు కనిపిస్తాయి. అవి వాయించారు, పాడారు, మొదలైంది, ప్రదర్శన ఇచ్చారు అనే ప్రెటేరిటుమ్ రూపాలు. గుర్తుపడితే చాలు, ఇప్పుడే నోటితో వాడక్కర్లేదు.

అడుగు 10: తిరిగి అడగండి

మీ కథ అవగానే ఆగిపోకండి. "ఉంట్ డూ? వార్స్ట్ డూ ఔఖ్ షోన్ మాల్ ఔఫ్ జో ఐనెమ్ కొన్‌త్సెర్ట్?" మరి నువ్వో, నువ్వు కూడా ఎప్పుడైనా ఇలాంటిదానికి వెళ్ళావా? పరిచయం లేనివాళ్ళయితే "వారెన్ జీ" అనాలి. వాళ్ళు చెప్పడం మొదలుపెడితే మీరు నేర్చుకున్న రూపాలన్నీ వాళ్ళ నోటి నుంచి వరసగా వస్తాయి. అర్థం కానప్పుడు "వెర్ హట్ గెష్పీల్ట్?" (ఎవరు వాయించారు?), "వీ లంగె హట్ ఎస్ గెడౌఎర్ట్?" (ఎంతసేపు జరిగింది?) అని మధ్యలో అందుకోండి. కొత్త మాట ఏదైనా వినిపిస్తే ఇంటికెళ్ళి మీ కథలో దానికి ఒక చోటు చూడండి.